డి.పి. గారి మంగళవారాలు

డెస్మండ్ పర్టెల్ ఉద్యోగం మానేసి పంతొమ్మిదేళ్ళయింది. అతని పదవీ విరమణ ఉత్తర్వులు మాత్రం మొన్న గురువారం వచ్చాయి.

అవి వచ్చేసరికి గ్లెనిస్ ట్రెలోర్ గాలి కేంద్రం కిటికీలకు పట్టిన ఉప్పు తుడుస్తోంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కేప్ డోలర్ కొమ్ము మీద కిటికీ తుడవడం అత్తగారిని మెప్పించడం లాంటిది. ఇటు పూర్తయ్యేలోపు అటు మళ్ళీ మొదలవుతుంది. కవరు మీద "డి.పి." అని ఉంది కాబట్టి ఆమే విప్పింది. పంతొమ్మిదేళ్ళుగా డి.పి. ఆమే మరి.

"ఒక్క వారం కూడా తప్పని మీ సేవకు మా వందనాలు," అంది మొదటి కాగితం. "మీకు అరవై అయిదు నిండిన సందర్భంగా వచ్చే మంగళవారం కేంద్రంలోనే కేకు కోయబడును."

రెండో కాగితం ప్రకటన. "దీర్ఘకాల వాయు కొలతలకు సహాయకులు కావలెను. కాలపరిమితి పదకొండు నెలలు. మౌఖిక పరీక్ష అదే మంగళవారం, కేకుకు ముందు."

గ్లెనిస్ తడిగుడ్డ పిండి, రెండో కాగితం మళ్ళీ చదివింది.

ఆ కేంద్రం ఉన్నది ఒకే ఒక్క పని కోసం. ప్రతి మంగళవారం నైరుతి గాలి వీచేటప్పుడు లోపలి గాలి తీసేసిన ఒక ఖాళీ గాజు సీసాలో ఆ గాలి పట్టి నగరంలోని ప్రయోగశాలకు పంపాలి. నైరుతి గాలి వేల మైళ్ళు నీళ్ళ మీదుగా, మనిషి మొహం చూడకుండా వస్తుంది. అందులో ఏమేముందో నలభై ఏడేళ్ళుగా వారం తప్పకుండా రాసిపెట్టారు కాబట్టే, భూమి మీద గాలి ఏటికాయేడు ఎలా మారుతోందో పెద్దవాళ్ళు చెప్పగలుగుతున్నారు. అంత దూరం శుభ్రంగా వచ్చిన గాలిని ఆఖరి అడుగులో పాడుచేయగల ప్రాణి ఒక్కటే. దాన్ని పట్టే మనిషి. అందుకని గోడమీది సూచనల కార్డులో ఇలా ఉంటుంది: నిండా ఊపిరి పీల్చి బిగబట్టవలెను. గాలికి ఎదురు నడవవలెను. సీసాను తలపైకి ఎత్తి బిరడా తిప్పవలెను. పదిహేను లెక్కపెట్టి మూయవలెను. వెనక్కి వచ్చిన పిమ్మట బతకవలెను.

ఆఖరి వాక్యం కార్డులో లేదు. గ్లెనిస్ పెన్సిలుతో కలిపింది.

ఆమె అక్కడ చేరింది ఊడ్చి, తుడిచి, టీ పెట్టడానికి. సీసాలు పట్టేది డెస్మండ్, అందరికీ డెస్. పంతొమ్మిదేళ్ళ కింద ఒక సోమవారం అతను చెప్పులు మార్చుకుంటూ, "స్టాన్లీలో చేపల దుకాణం కొన్నాను గ్లెన్. రేపొక్క మంగళవారం నువ్వు చూసుకో, కొత్తవాడొస్తాడు," అన్నాడు. కొత్తవాడు రాలేదు. వస్తాడు కూడా ఎందుకు? సీసా వారం వారం ఠంచనుగా వస్తోంది కాబట్టి ఖాళీ ఉన్నట్టు కొలతల శాఖకు తెలియదు. డెస్ వెళ్ళిపోయాడని జీతాల శాఖకు బాగా తెలుసు. రెండు శాఖలదీ ఒకే అంతస్తు. మధ్యలో కాఫీ యంత్రం ఉంది.

మొదటి మంగళవారం గ్లెనిస్ పుస్తకంలో "జి.టి." అని వేసింది. సీసా తెరవకుండానే తిరిగొచ్చింది. నమోదైన అక్షరాలుంటే తప్ప వాళ్ళ యంత్రం తీసుకోదట. పరుగున వెళ్ళి మరో సీసా పట్టి "డి.పి." అని వేసి పంపింది. అది తీసుకున్నారు. ఆ తర్వాత తొమ్మిది వందల ఎనభై ఆరు తీసుకున్నారు.

శనివారం ఆమె స్టాన్లీ వెళ్ళింది. డెస్ నూనె మూకుడు ముందు నిలబడి ఉన్నాడు. గోడకు ఆ ఉత్తరం అప్పుడే చట్రం కట్టించి తగిలించాడు. అతని ఇంటికీ ఒక ప్రతి పంపారు.

"నేనింత మంచి ఉద్యోగినని నాకే తెలీదు గ్లెన్," అన్నాడు. "ఒక్క వారం తప్పలేదంట. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

"ఉల్లిపాయలు తరుగుతున్నావు."

"నేను చేసింది నాలుగేళ్ళు. అందులో మూడుసార్లు సీసాలోకి తుమ్మాను."

"నాలుగుసార్లు. పుస్తకంలో ఉంది. సరేగానీ డెస్, ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను."

డెస్ జల్లిగంటె ఆపి ఆలోచించాడు. "అంటే నీ ఉద్యోగం పోతోందని, నీ ఉద్యోగానికే నువ్వు దరఖాస్తు పెట్టావు."

"ఇంకొకడు కూడా పెట్టాడు. నైరుతి గాలి మీద నాలుగు వందల పేజీలు రాశాడట. డాక్టరేటు ఇచ్చారు."

"గాలి చూశాడా?"

"వీడియోలో."

డెస్ ఆమెకు చెప్పకుండానే రెండు చేపముక్కలు కాగితంలో పొట్లం కట్టాడు. అతను జాలి చూపించే పద్ధతి అది. "నాకు కావలసింది పెద్దదేం కాదు," అంది గ్లెనిస్. "ఆ పుస్తకంలో నా రెండక్షరాలు. బతికుండగా ఒక్క మంగళవారమైనా. ఇప్పుడు వాడొస్తే డి.పి. పోతాడు, నేనూ పోతాను. నేను పోయినట్టు మాత్రం ఎవరికీ తెలీదు."

"మరి నిజం చెప్పెయ్యరాదూ?"

"చెబితే? పట్టింది టీ పెట్టే మనిషని తేలితే పంతొమ్మిదేళ్ళ సీసాలకూ ఎర్రగీత కొడతారు. నిబంధన అది. చచ్చినా చెప్పను. పరీక్షలో నెగ్గి తెచ్చుకుంటాను. నువ్వు కేకు తిను, నోరు మూసుకుని ఉండు."

"నోరు మూసుకుని ఉండటమే కదే ఆ ఉద్యోగం," అన్నాడు డెస్. "అది చేతకాకే కదా చేపల్లోకొచ్చాను."

మంగళవారం పొద్దున్నే నగరం నుంచి ఇద్దరు వచ్చారు. డాక్టర్ మార్చ్‌బ్యాంక్ కొలతల శాఖకు అధిపతి. స్వచ్ఛమైన గాలి మీద పదకొండు నిబంధనలు రాసిన మనిషి. ఆ గాలి వీచే చోటికి రావడం ఇదే మొదలు. వస్తూనే కారు తెచ్చి సరిగ్గా సీసా పట్టే చోట, గాలికి ఎదురుగా ఆపాడు.

"డాక్టర్, కారు కింద గేటు దగ్గర పెట్టాలి," అంది గ్లెనిస్.

"అలా అని ఎవరన్నారు?"

"మీరే. ఆరో నిబంధన."

ఆయన కారు కిందికి తీసుకెళ్ళి, కొండెక్కి, రొప్పుకుంటూ వచ్చాడు. రెండో మనిషి ఇవోనా. నగరంలో సీసాలు తెరిచి లోపలి గాలి కొలిచేది ఆమే. మాట్లాడే రకం కాదు. గోడమీది కార్డు చదివింది. పెన్సిలు వాక్యం దగ్గర కాసేపు ఆగింది.

పరీక్ష వంటగదిలో జరిగింది. బల్ల మీద ఒక పక్క కేకు, దాని మీద క్రీముతో డెస్ పేరు. ఇంకో పక్క గ్లెనిస్ దరఖాస్తు.

"అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" మార్చ్‌బ్యాంక్ కాగితం చూసి అడిగాడు.

"ఇక్కడే. రెండు వందల అరవై మంగళవారాల అవతల."

"మరి ఎదుగుదల?"

"ఈ పనిలో మనిషి ఎదిగితే సీసాకు తల అడ్డొస్తుంది డాక్టర్."

ఇవోనా దగ్గింది. దగ్గో నవ్వో తెలియలేదు.

"పరిశోధనలో మీ అనుభవానికి ఆధారం ఏమైనా..."

గ్లెనిస్ లేచి గోడమీది పటం దగ్గరికి వెళ్ళింది. నలభై ఏడేళ్ళ గాలి అందులో ఒకే గీతగా, చిన్న చిన్న అలలతో, పైకి పోతూ ఉంటుంది. చివరి పంతొమ్మిదేళ్ళ మీద వేలు పెట్టింది. "ఇది చూడండి. ఇందులో ఎక్కడైనా నేను కనిపిస్తున్నానా?"

"లేదు."

"అదే నా ఆధారం," అందామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఊపిరితో పాటు దాన్నీ బిగబట్టింది.

మార్చ్‌బ్యాంక్ మాత్రం ఆ పటాన్ని గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూశాడు. "డి.పి.!" అన్నాడు. "మొదటి నాలుగేళ్ళు చూడండి, తడబాటు, తుమ్ములు. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఉన్నట్టుండి మునీశ్వరుడైపోయాడు. నలభై ఆరేళ్ళ వయసులో ఒక మగవాడు అంత మారడం నేనెక్కడా వినలేదు. కొత్తగా చేరినవాళ్ళకు పాఠంలో ఈ గీతే చూపిస్తాం. మీరు కష్టపడే మనిషే గ్లెనిస్. కిటికీలు అద్దాల్లా ఉన్నాయి. కానీ, ఏమీ అనుకోకండి, మీరు డి.పి. కారు."

గ్లెనిస్ ఏమీ అనుకోలేదు. టీ పోసింది. ఆయన కప్పులో చక్కెర వేయలేదు.

అప్పుడే డెస్ దిగాడు. పెళ్ళినాటి కోటు, చేతిలో మసాలా ఆల్చిప్పలు పొదిగిన 'పై' రొట్టెల పెట్టె, ఒంటినిండా వేయించిన నూనె వాసన. మార్చ్‌బ్యాంక్ కుర్చీ తన్నుకుని లేచి వాటేసుకున్నాడు.

"మీ రహస్యం ఏమిటి చెప్పండి!"

డెస్ గ్లెనిస్ వంక చూశాడు. "పెద్దగా ఏం చేయలేదండీ," అన్నాడు నిజాయితీగా.

"ఎంత వినయం!" అన్నాడు మార్చ్‌బ్యాంక్ ఇవోనాతో.

గోడమీద ఆకుపచ్చ దీపం వెలిగింది. గడిచిన బుధవారం నుంచీ వీస్తున్న తూర్పుగాలి తిరిగి, నైరుతి వచ్చిందని గుర్తు. మార్చ్‌బ్యాంక్ చప్పట్లు కొట్టాడు. "దైవనిర్ణయం! ఆఖరి సీసా మీరే పట్టాలి. ఫొటో తీయిస్తాను."

డెస్ సీసా తీసుకున్నాడు. కొమ్ము చివరికి వెళ్ళి, ఛాతీ నిండా పీల్చి, బుగ్గలు పూరించి నడిచాడు. ఆరడుగులు. మొహం ఉడికిన పీతలా అయింది. ఏడో అడుగున అతనిలోంచి ఊపిరీ, ఊపిరితో ఆల్చిప్పల మసాలా, మసాలాతో ఒక కేకా కలిసి బయటపడ్డాయి. గుట్ట మీది పక్షులు లేచాయి.

"పర్వాలేదు, ఇంకోసారి," అన్నాడు మార్చ్‌బ్యాంక్.

రెండోసారి నాలుగడుగులే నడిచాడు.

"వయసు," మార్చ్‌బ్యాంక్ కళ్ళు తుడుచుకున్నాడు. "సరైన సమయంలోనే విరమిస్తున్నాడు."

గ్లెనిస్ సముద్రం మీద మేఘాల అంచు చూస్తోంది. మధ్యాహ్నంలోపు గాలి మళ్ళీ తిరుగుతుంది. తిరిగితే ఈ మంగళవారం పోతుంది. మంగళవారం పోవడమంటే కేకు మాడినట్టు కాదు, ఇంకోటి చేసుకుందామనడానికి. నలభై ఏడేళ్ళలో అది మళ్ళీ దొరకదు. ఆమె చేతిగుడ్డ భుజాన వేసుకుంది.

"అందరూ దిగండి గుట్ట," అంది. "డెస్, నువ్వు గేటు దాకా పో, నూనె కంపు. డాక్టర్, మీరు కూడా. ఊపిరి పీల్చుకోవాలంటే అక్కడ పీల్చుకోండి."

"నేను అధిపతిని..."

"అధిపతి వదిలినా కార్బన్ డయాక్సైడే కదండీ."

వాళ్ళు దిగారు. కొత్త సీసా తీసుకుంది. పీల్చింది, బిగబట్టింది, నడిచింది. తలపైకెత్తి బిరడా తిప్పితే సీసా ఎప్పటిలాగే పాములా బుస్సుమని గాలి తాగింది. పదిహేను. మూసింది. వెనక్కి వచ్చి, గోడ చాటున, బతికింది. ఏ తొందరా లేదు. పప్పు దింపినంత మామూలుగా చేసింది.

లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచి తారీఖు, వేళ, గాలివాలు రాసింది. పక్క గడిలో, తొమ్మిది వందల ఎనభై ఏడు సార్లు వేసిన చేత్తోనే, పి కింద చిన్న తోకతో సహా, "డి.పి." అని వేసింది.

వేశాక తల ఎత్తింది. మార్చ్‌బ్యాంక్, ఇవోనా ఆమె భుజాల మీదుగా చూస్తున్నారు. వెనక డెస్.

"ఆయన అక్షరాలు మీరెందుకు వేశారు?" అన్నాడు మార్చ్‌బ్యాంక్.

"నేను నోరు మూసుకునే ఉన్నాను గ్లెన్," అన్నాడు డెస్. "గమనించు."

ఇవోనా ఆ తోకను వేలితో తాకింది. పద్నాలుగేళ్ళుగా ప్రతి సీసా చీటీ మీద చూసే తోక. డెస్ వైపు తిరిగింది. "నేను చేరిన కొత్తలో, 2011 సెప్టెంబరు, రెండో మంగళవారం. ఆ సీసాలో ఏం జరిగింది?"

"తుమ్మి ఉంటాను," అన్నాడు డెస్.

"తుమ్ము కాదు."

గ్లెనిస్ నిట్టూర్చింది. ఆ ఒక్క సీసా ఆమె గుండెలో ముల్లు. అబద్ధం ఆడవచ్చు గానీ, తన పాపం ఇంకొకరి తుమ్ము కింద పోవడం ఆమెకు నచ్చలేదు.

"డచెస్," అంది. "మా ఆవు. కంచె దూకి వచ్చింది. నేను చెయ్యెత్తి తొమ్మిది లెక్కపెట్టేసరికి వెనకనుంచి వచ్చి మెడ నాకింది. నేను ఊపిరి వదల్లేదు, ఒట్టు. అది త్రేన్చింది. సీసా మూతి మీదే."

ఇవోనా కుర్చీలో కూలబడింది. "పద్నాలుగేళ్ళు!" అంది. ఆ పొద్దుట్నుంచీ ఆమె మాట్లాడింది మొత్తం ఒక ఎత్తు, ఇప్పుడు మాట్లాడింది ఒక ఎత్తు. "మనిషి ఊపిరైతే మీథేన్ లేవదు! ఆ సీసాలో కార్బన్ డయాక్సైడూ మీథేనూ రెండూ లేచాయి, మీథేన్ ఆకాశానికంటింది! సముద్రం అడుగునుంచి బుడగ వచ్చిందన్నారు. అగ్నిపర్వతం అన్నారు. డాక్టర్ దాని మీద వ్యాసం కూడా రాశారు."

"ముప్ఫై ఒక్క పేజీలు," అన్నాడు మార్చ్‌బ్యాంక్, దూరం నుంచి వినిపించే గొంతుతో. "ఆవా?"

"జెర్సీ ఆవు," అంది గ్లెనిస్. "అభిప్రాయాల గడిలో 'ఆవు' అని రాశాను కూడా. మీవాళ్ళు కొట్టేశారు."

"ఆ గడిలో అంకెలే పడతాయి," అంది ఇవోనా నీరసంగా. "అయితే డి.పి. మీరే. ఆ ఆవు సంగతి పట్టిన మనిషికి తప్ప తెలిసే వీలు లేదు."

తొమ్మిది వందల ఎనభై ఏడు మంచి సీసాలు సాక్ష్యం చెప్పలేదు. చెడిపోయిన ఒక్కటి చెప్పింది.

మార్చ్‌బ్యాంక్ తేరుకుని నిబంధనల పుస్తకం తీశాడు. అందులో ఆయనకు ఎప్పుడూ ధైర్యం దొరుకుతుంది. "రెండో నిబంధన. అనుమతి లేని వ్యక్తి సేకరించిన నమూనాలన్నీ అనుమానాస్పదం. ఎర్రగీత." ఆయన పటం వైపు చూశాడు. పంతొమ్మిదేళ్ళ అలలు. "మీరే పట్టారని రాస్తే ఇదంతా పోతుంది. నాకు వేరే దారి లేదు."

గ్లెనిస్ కూడా చూసింది. ఎండలు, పొత్తికడుపు నొప్పులు, మొగుడు కెన్‌తో పోట్లాడి వచ్చిన రోజులు, అమ్మను మట్టి చేసి నేరుగా వచ్చిన రోజు, ఏవీ అందులో లేవు. అది తన గొప్పతనమే. దాన్ని తన చేత్తో చెరుపుకోవడం తన వల్ల కాదు.

"అయితే నేను పట్టలేదు," అంది. "డెస్సే పట్టాడు. ఆవు సంగతి అతను చెబితే విన్నాను. ఆ పేజీల కుర్రాణ్ణే తీసుకోండి. కేకు కోద్దాం, క్రీము జారుతోంది."

చాకు తీసుకుంది. అది కేకు మీద డెస్ పేరు మధ్యగా గట్టిగానే దిగింది.

"ఆగండి," అంది ఇవోనా. "డాక్టర్, డి.పి. అని వేసిన ఆ గడి పేరు చదవండి. మనిషి పేరు అని ఉందా?"

మార్చ్‌బ్యాంక్ కళ్ళజోడు సవరించాడు. "'సేకరించినది' అని ఉంది."

"సేకరించినవారు కాదు. సీసా, బిరడా, గాలివాలు యంత్రం, అన్నీ ఉన్న పేజీలోనే ఉంది. అంటే మన లెక్కల్లో డి.పి. మనిషి కాదు, సాధనం. సాధనానికి అనుమతి ఎవరిస్తారు? అది సరిగా కొలుస్తోందో లేదో చూస్తాం, అంతే. పంతొమ్మిదేళ్ళు చూశాం."

"మనిషి ఎదురుగా పై రొట్టె తింటున్నాడు," అన్నాడు మార్చ్‌బ్యాంక్.

"మనిషిని విరమించమనండి. సాధనం సంగతి వేరు. పాత సాధనం తీసేసి కొత్తది పెట్టేటప్పుడు మీ నాలుగో నిబంధన ఏమంటోంది?"

మార్చ్‌బ్యాంక్ దాన్ని చూడకుండా చెప్పగలడు. చెబుతుంటే ముఖం తేటపడింది. "రెండింటినీ ఏడాది పాటు పక్కపక్కన నడపాలి. తేడా కొలవాలి. ఆ తర్వాతే పాతది ఆపాలి."

"కొత్త సాధనం పేరు?" ఇవోనా కలం తీసింది.

"జి.టి.," అంది గ్లెనిస్. కాస్త బిగ్గరగానే అంది. చాలా ఏళ్ళుగా వాడని అక్షరాలు.

ఇక ఆ ఏడాది ప్రతి మంగళవారం కేప్ డోలర్‌లో రెండు సీసాలు. మొదటిది డి.పి. పడతాడు, డెస్ వదిలేసిన పసుపు కోటు వేసుకుని. రెండోది జి.టి. పడుతుంది, తన ఊలు స్వెట్టర్‌లో. ఒక సాధనం ప్రభావం ఇంకోదాని మీద పడకూడదు కాబట్టి మధ్యలో పావుగంట విరామం. ఆ పావుగంటలో గ్లెనిస్ టీ తాగుతుంది. డి.పి. తాగడు. గ్లెనిస్‌కిచ్చిన పదకొండు నెలల ఉద్యోగాన్ని కొలత కోసం పన్నెండు చేశారు, ఆ తర్వాత మళ్ళీ పదకొండు. నాలుగు వందల పేజీల కుర్రాడికీ అన్యాయం జరగలేదు. "పాత, కొత్త సేకరణ సాధనాల మధ్య తేడా" అన్న అంశం మీద అతనికి మూడేళ్ళ పరిశోధన అవకాశం దొరికింది. అతనింకా గాలి చూడలేదు.

ఏడాది తిరిగాక అతని నివేదిక వచ్చింది. గ్లెనిస్ దాన్ని స్టాన్లీ తీసుకెళ్ళి డెస్‌కు చదివి వినిపించింది.

"'కొత్త సాధనం సంతృప్తికరంగానే ఉన్నది. అయితే ఫలితాలు డి.పి. కన్నా రవంత ఎక్కువగా ఉన్నవి. డి.పి. స్థాయిని అందుకొనుటకు ఇంకను కృషి అవసరము.'"

డెస్ మూకుడు మీదుగా వంగి, జాలిగా చూశాడు. "బాధపడకు గ్లెన్. నన్ను చూసి నేర్చుకో."

ఆమె చేపముక్క అతని మీదికి విసిరింది.

డి.పి. ఆఖరి మంగళవారం నాడు గాలి మంచిదొచ్చింది. పసుపు కోటు మడిచి బీరువాలో పెట్టింది. పుస్తకంలో ఒక వరసలో "డి.పి.", దాని కింద "జి.టి." వేసింది. డి.పి. పక్కన అభిప్రాయాల గడి ఖాళీగా ఉంది. వెళ్ళిపోయేవాడి గురించి నాలుగు మంచిమాటలు రాయాలనిపించింది. అందులో అంకెలే పడతాయి. డి.పి. పట్టిన మంగళవారాలు వేళ్ళ మీద లెక్క వేసుకుని "1040" అని రాసింది.

పదిరోజులకు నగరం నుంచి ప్రశ్న వచ్చింది: 1040 ఏమిటి? గాలి పీడనం మిల్లీబార్లా? ప్రమాణం తెలుపగలరు.

కింద ఇవోనా సంతకం లేదు. అందుకని గ్లెనిస్ జవాబు రాయలేదు. కిటికీల మీద ఉప్పు పేరుకుంది, లేచి తడిగుడ్డ అందుకుంది.